కాలెత్తితే ఆగే పాట

గురువారం మధ్యాహ్నం కొండ మీంచి గాలివాన దిగింది. అది వెలిసేసరికి లోనీ బాబాయి ఎడమచేతి నడిమివేలు నలిగిపోయి ఉంది.

తప్పు సగం వానది, సగం డ్యూయీ మామది. టార్పాలిన్ ఎగిరిపోకుండా నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టాలి. బాబాయి బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఇనుపమేకు నిలబెట్టి పట్టుకున్నాడు. డ్యూయీ మామ రెండు చేతులా సమ్మెట ఎత్తాడు. సరిగ్గా అప్పుడే పక్క వరసలో ఎవరో గిటార్ మీద తప్పు స్వరం కొట్టారు. ముప్పై ఏళ్లుగా గిటార్ వాయిస్తున్న మనిషి, తప్పు స్వరం చెవిన పడితే అటు చూడకుండా ఉండలేడు. చూశాడు. సమ్మెట మాత్రం ఆగలేదు.

వెర్నా పిన్ని ట్రక్కులో బాబాయిని ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చింది. మూడు కుట్లు వేసి, వేలు వంగకుండా పట్టీ కట్టారు.

"ఎన్నాళ్లన్నారు?" అన్నాడు హోబర్ట్ పెదనాన్న. ఆయన బాబాయికి అన్న. పొయ్యి మీద బీన్స్ కలుపుతూ వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆరు వారాలు."

"శనివారం మూడింటికి మన వంతు."

"ఆరు వారాల్లో శనివారాలు చాలానే ఉన్నాయిలే," అన్నాడు బాబాయి. ఎవరూ నవ్వలేదు. డ్యూయీ మామయితే నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

ప్రతి ఆగస్టులో మిల్‌స్టోన్ గ్యాప్ మైదానంలో నాలుగు రోజుల పాటు ఫిడేళ్ల జాతర జరుగుతుంది. చుట్టుపక్కల లోయల్లోంచి జనం బళ్లకి ఇనప గదుల్లాంటి ట్రెయిలర్లు తగిలించుకుని, గుడారాలు వేసుకుని, కుర్చీలూ కాఫీ గిన్నెలూ వాయిద్యాలూ తెచ్చుకుని దిగుతారు. స్టేజీ మీద పోటీలు ఒక ఎత్తు. గుడారాల మధ్య పొద్దున్నించీ సాగే వాయింపు ఇంకో ఎత్తు. సోర్‌వుడ్ వాగు బ్యాండు అంటే ఈ నలుగురే. లోనీ బాబాయి ఫిడేలు, వెర్నా పిన్ని బాంజో, హోబర్ట్ పెదనాన్న మనిషంత ఎత్తు బేసు, పొరుగింటి డ్యూయీ మామ గిటారు. డ్యూయీ మామ చుట్టం కాడు, స్కూలు బస్సు నడుపుతాడు. కానీ ఓపల్ పుట్టినప్పట్నించీ మామే.

ఓపల్‌కి పదిహేనేళ్లు. వాళ్లమ్మ ఆసుపత్రిలో సెలవు దొరక్క రాలేదు కాబట్టి, ఏటా లాగే పిన్నితో వచ్చింది. నీళ్లు మోయడం, పళ్లేలు కడగడం తన పని. తనకీ ఒక ఫిడేలు ఉంది. ఆరేళ్లుగా బాబాయి వాళ్ల వంటింట్లో కూర్చుని నేర్చుకుంది. అందరూ గుండ్రంగా కూర్చుని వాయించేటప్పుడు ఓపల్ కుర్చీ పిన్ని కుర్చీ వెనకాల ఉంటుంది. కమాను కొసతో, తన చెవికి తప్ప ఇంకెవరికీ వినబడకుండా వాయించుకుంటుంది. బడిలో టీచరు పిలిస్తే తప్ప మాట్లాడదు. పిలిచినా మొదటి మాట లోపలే ఉండిపోతుంది.

"ప్రూయిట్‌ని అడుగుదాం," అంది పిన్ని. "అరువుకి ఫిడేలు మనిషిని తెచ్చుకోవడం తప్పేం కాదుగా. పోయినేడు ప్రూయిట్ వాళ్ల బ్యాండు బాంజోకి నన్ను తీసుకెళ్లలేదూ?"

"ప్రూయిట్ బానే వాయిస్తాడు," అన్నాడు పెదనాన్న. "కానీ మన వాగు దాటలేడు."

వాగంటే పాట. 'గాడిద దాటని వాగు' అని బాబాయి వాళ్ల తాతల నాటి పాట. దాన్ని ఇక్కడ వంకర పాట అంటారు. రెండో భాగంలో ఒకచోట ఒక దెబ్బ ఎక్కువుంటుంది. తెలియని వాడు మామూలు పాటలా నడిచి, సరిగ్గా అక్కడ తప్పటడుగు వేసి పడతాడు. దాన్ని నిద్రలో కూడా తప్పు పోకుండా వాయించగలిగేది బాబాయి ఒక్కడే అని అందరూ అంటారు.

"అయితే వాగు వద్దు. అందరూ వాయించేదే ఏదో ఒకటి వాయిద్దాం," అంది పిన్ని.

"అందరూ వాయించేదానికి మనమెందుకూ? అందరూ ఉన్నారుగా," అన్నాడు బాబాయి. కానీ గొంతులో పట్టు లేదు. చేతిని గుండెలకి ఆనించుకుని కూర్చున్నాడు.

ఓపల్ పళ్లేలు తుడుస్తోంది. "నేను వాయిస్తాను," అంది.

ఎవరూ వినలేదు. పెదనాన్న ఉప్పు అడిగాడు.

"నేను వాయిస్తాను," అంది మళ్లీ. ఈసారి పళ్లేనికి వినబడేలా.

డ్యూయీ మామ ఉప్పు అందించాడు. పిన్ని, ప్రూయిట్ గుడారం ఏ వరసలో ఉందో అడుగుతోంది. ఓపల్ చేతిలోని పళ్లేలన్నీ ఒక్కసారి బల్ల మీద దబ్బున పెట్టింది. నలుగురూ తిరిగి చూశారు. ఆమెకి ముఖం, చెవులు, మెడ వేడెక్కిపోయాయి. వెనక్కి తగ్గితే ఇంకెప్పుడూ అనలేనని తెలుసు.

"వాగు నాకొచ్చు. ఎక్కువ దెబ్బతో సహా."

 బాబాయి తన ఫిడేలు పెట్టెవైపు గడ్డంతో చూపించాడు. "నాది తీసుకో. గొంతు పెద్దది."

నిజంగానే వచ్చింది. మొదటి చుట్టు వణుకుతూ వచ్చింది, రెండో చుట్టుకి నిలదొక్కుకుంది. వంకర దగ్గర ఓపల్ తడబడలేదు. పెదనాన్న కనుబొమలు పైకి లేచాయి. పిన్ని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. బాబాయి మంచి చేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఆరు చుట్లయ్యాయి, ఎనిమిదయ్యాయి. పన్నెండయ్యాయి.

చిక్కు అక్కడే ఉంది. ఈ పాటలకి రాసిపెట్టిన ముగింపు ఉండదు. మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు వాయిస్తే ఒక చుట్టు. ఎన్ని చుట్లు తిరగాలో ఫిడేలు ఇష్టం. ఇక చాలనుకున్నప్పుడు, ఆఖరి చుట్టులో రెండో భాగం రెండోసారి మొదలవగానే, ఫిడేలు వాయించే మనిషి ఒక కాలు పైకెత్తి చూపిస్తాడు. అంతే. నోటితో చెప్పడం లేదు, తల ఊపడం లేదు. కాలు లేచిందంటే ఆ భాగం చివర అందరూ ఒక్కసారిగా ఆగుతారు. కాలు లేవలేదంటే ఎవరూ ఆగరు. ఆగితే పరువు పోతుంది.

ఓపల్ కాలు లేవడం లేదు. ఇద్దరు పెద్దవాళ్లనీ, పిన్నినీ, ఇంత హుషారుగా వాయిస్తున్న వాళ్లని పట్టుకుని "ఇక చాలు" అనడం ఎలా? ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ చాలు అని ఎరగదు. పళ్లెంలో ఎవరైనా వడ్డిస్తూనే ఉన్నా, కడుపు నిండినా, తింటూనే ఉండేది. ప్రతి చుట్టు చివరా ఈసారి ఎత్తుతాను అనుకుంది. ప్రతిసారీ కాలు నేలకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది.

"పిల్లా, నా గడ్డం పెరుగుతోంది," అన్నాడు డ్యూయీ మామ గిటార్ ఆపకుండానే.

"ఇంకో నాలుగు చుట్లు తిరిగితే గాడిద కూడా వాగు దాటేస్తుంది," అన్నాడు పెదనాన్న.

పందొమ్మిదో చుట్టులో పిన్ని అరచేత్తో బాంజో తీగలు నొక్కేసింది. తక్కినవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఆగాయి. ఓపల్ ఫిడేలు దించి నేలకేసి చూసింది.

"వాయింపుకేం వంక లేదు," అన్నాడు బాబాయి. "స్టేజీ మీద నాలుగు నిమిషాలే ఇస్తారమ్మడూ. మూడున్నరకి పసుప్పచ్చ దీపం, నాలుక్కి ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగాక ఒక్క స్వరం మోగినా పేరు కొట్టేస్తారు. నువ్వు కాలెత్తకపోతే ఈ ముగ్గురూ సోమవారం దాకా వాయిస్తారు. మొండి మనుషులు."

"ఎత్తుతాను."

"శనివారం పొద్దున చూస్తాను. అప్పటికీ లేవకపోతే ప్రూయిట్‌ని పిలుస్తా. కోపం తెచ్చుకోకూడదు మరి."

ఓపల్‌కి కోపం రాలేదు. భయం మాత్రం వచ్చింది. ప్రూయిట్ వస్తే తన కుర్చీ మళ్లీ పిన్ని వెనక్కి పోతుంది. ఈసారి పోతే అక్కడే పాతుకుపోతుంది.

శుక్రవారం పొద్దున్నే ఆమె రబ్బరు బూట్లు తొడుక్కుని, తన ఫిడేలు భుజాన వేసుకుని బయల్దేరింది. ఇంట్లోవాళ్ల ముందు ఎత్తలేని కాలు కొత్తవాళ్ల ముందు ఎత్తడం ఇంకా కష్టం. అందుకే అక్కడే మొదలుపెట్టాలనుకుంది. కష్టమైన చోట వస్తే తేలికైన చోట దానంతటదే వస్తుంది.

మైదానమంతా బురద. పచ్చిక ఉన్నచోట గడ్డి పరిచారు, లేనిచోట చెక్కలు వేశారు. ప్రతి టార్పాలిన్ కిందా ఒక గుంపు, ప్రతి గుంపులోంచీ ఒక పాట. కాఫీ వాసన, వేగుతున్న మాంసం వాసన.

మొదటి గుంపు దగ్గర ఆమె బయటి వరసలో, గుడారపు గుంజ పక్కన కూర్చుంది. పిలవకుండా లోపలి వరసలోకి వెళ్లకూడదు. గుంపుని నడిపే ఫిడేలు మనిషి గడ్డంతో సైగ చేసి పిలవాలి. గంట గడిచింది, ఎవరూ పిలవలేదు. తర్వాత చూసుకుంటే, గుంజ సరిగ్గా తనకీ ఆయనకీ మధ్య ఉంది. తెలియకుండానే దాక్కునే చోటే వెతుక్కుని కూర్చుంది. ఓపల్‌కి తన మీద తనకే ఒళ్లు మండింది.

రెండో గుంపులో గుంజలన్నీ చూసుకుని, అందరికీ కనబడేలా కూర్చుంది. అది నీలంరంగు పాత బస్సు పక్కన వేసిన బిడారం. అక్కడ పెద్ద ఆర్డెలియా అనే ముసలావిడ. మగవాళ్ల టోపీ, ఒళ్లో బాంజో. ఫిడేలు వాయించేవాడు టిఫినుకి లేచి వెళ్లగానే ఆవిడ ఓపల్‌ని చూసి గడ్డం ఎగరేసింది.

"ఆ పెట్టెలో ఏముంది పిల్లా, ఫిడేలా, మధ్యాహ్నానికి అన్నమా?"

"ఫిడేలండీ."

"అయితే తియ్యి. నీకొచ్చింది ఏదో ఒకటి అందుకో. మా పెద్దమనిషి తిండికి కూర్చుంటే తెల్లారిపోతుంది."

ఓపల్ అందరికీ తెలిసిన తేలిక పాట ఎత్తుకుంది. ఏడెనిమిది మంది తోడయ్యారు. నాలుగో చుట్టు వచ్చింది. ఇక ఆలస్యం చేస్తే లేవదని భయపడి, మొదటి భాగం మధ్యలోనే కాలెత్తేసింది. సగం మంది ఆగారు. సగం మంది, ఇదేమిటి ఇక్కడ ఎత్తిందని ఒకరినొకరు చూసుకుంటూ వాయించారు. ఒక గిటారు ఒంటరిగా నాలుగడుగులు నడిచి సిగ్గుపడి ఆగింది. అందరూ పగలబడి నవ్వారు.

"ఎందుకే అంత కంగారు, పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా?" అంది ఆర్డెలియా. "రెండో భాగం రెండోసారి మొదలవనీ, అప్పుడెత్తు. అందరికీ చూసుకోడానికి టైమివ్వాలి."

"తెలుసండీ."

"తెలుసా? మరి?"

 ఓపల్‌కి లేచి వెళ్లిపోవాలనిపించింది. "ఇంకోసారి వాయించనాండీ?" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది.

"వాయించు. ఇక్కడెవరికీ పొలం పిలుపు లేదు."

రెండోసారి సరైన చోటే ఎత్తింది, కానీ అంగుళం. ఎవరికీ కనబడలేదు. పాట తిరుగుతూనే ఉంది. మళ్లీ ఎత్తింది, ఇంకో అంగుళం. ఎదురుగా కూర్చున్న మనిషి ఆమెకి కాలు తిమ్మిరెక్కిందనుకున్నాడు. వరసగా మూడు చుట్లు అలా పోయాక ఓపల్ పళ్లు బిగించింది. మొహమాటపడి ఎత్తితే ఎత్తనట్టే. ఎత్తితే మోకాలిదాకా ఎత్తాలి. రెండో భాగం వచ్చింది. ఒకసారి అయింది. రెండోసారి మొదలైంది. ఓపల్ ఉన్న బలమంతా పెట్టి కుడికాలు ఎత్తింది.

కాలు లేచింది. బూటు లేవలేదు. బురద దాన్ని గట్టిగా పట్టుకుంది. బొటనవేలు దగ్గర చిరుగున్న పసుప్పచ్చ మేజోడు ఒక్కటే గాల్లోకి వచ్చి, అందరి ముందూ నిలబడింది.

ఎనిమిది మందీ ఆ మేజోడు చూశారు. పాట చివర ఎనిమిది మందీ కత్తితో కోసినట్టు ఒక్కసారి ఆగారు.

ఆ తర్వాత నవ్వులు ఎంతసేపు సాగాయో చెప్పడం కష్టం. ఆర్డెలియా టోపీ తీసి దాంతో మొహం విసురుకుంది. "నా జన్మలో ఇంత బాగా కనబడ్డ కాలు చూడలేదు!" అంది. బూటు పీకడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఓపల్ కళ్లలో నీళ్లు నిండాయి. ఇప్పుడు వెళ్లిపోతే ఈ నవ్వే చివరిదవుతుంది. ఆమె బూటు తొడుక్కుంది. ఫిడేలు మళ్లీ భుజానికెత్తింది.

"ఇంకొకటండీ," అంది.

ఆర్డెలియా నవ్వాపింది. టోపీ పెట్టుకుంది. "విన్నారుగా. ఇంకొకటంట. తీగలు చూసుకోండర్రా."

సాయంత్రానికి ఓపల్ ఏడు గుంపుల్లో కూర్చుంది. రెండుచోట్ల పాట కుప్పకూలింది. ఒకచోట, నువ్వెవరి పిల్లవని అడిగితే గట్టిగా పేరు చెప్పింది. ఆఖరి గుంపులో కాలెత్తి, మనుషులు ఆగేలోపు వాళ్ల మొహాలు చూడగలిగింది. ఎవరూ విసుక్కోవడం లేదు. కాలు కోసం ఎదురుచూస్తున్న వాళ్లలాగే ఉన్నారు. ఎక్కడ ఆగాలో ఎవరో ఒకరు చెప్పడమే వాళ్లకి కావాలి.

శనివారం పొద్దున బాబాయి ఎదురుగా కూర్చున్నాడు. ఓపల్ వాగు మూడుసార్లు వాయించింది. మూడుసార్లూ ఏడో చుట్టులో కాలెత్తి ఆపింది. బాబాయి గడియారం చూసుకుని లేచాడు.

"ఎక్కడికి?" అంది పిన్ని.

"ప్రూయిట్ దగ్గరికి. రానక్కర్లేదని చెప్పొస్తా. పాపం పొద్దున్నే గడ్డం గీసుకున్నట్టున్నాడు."

మూడింటికి ఓపల్ స్టేజీ వెనక నిలబడింది. వీళ్లకంటే ముందు వాయించిన బ్యాండు దిగుతోంది. మైదానం వాలు మీద కుర్చీలు వేసుకుని రెండు వేలమంది దాకా ఉంటారు. జడ్జీలు మాత్రం స్టేజీకి వీపు పెట్టి, తెర కట్టిన గదిలో కూర్చుంటారు. మొహాలు చూసి మార్కులు వెయ్యకూడదని ఆ ఏర్పాటు. మైకులోంచి వినబడేదే వాళ్లకి తెలిసేది.

"మెల్లిగా పో. తొందరపడకు," అన్నాడు బాబాయి. కట్టు కట్టిన చెయ్యి అడ్డం రాకుండా పక్కకి జరిగి దారిచ్చాడు.

స్టేజీ మీద ఒకటే మైకు. అందరూ నిలబడే వాయించాలి. మైకు మనిషి నలుగుర్నీ చూసి చకచకా సర్దాడు. ఫిడేలు ముందు, బాంజో పక్కన, బేసు మధ్యలో. డ్యూయీ మామ గిటార్ ఒకసారి వాయించమన్నాడు, విన్నాడు, తల అడ్డంగా ఊపాడు.

"మీ గిటారు మరీ పెద్దగొంతండీ. మీరు వెనక్కి వెళ్లండి. ఇంకా. ఇంకాస్త. ఆఁ, అక్కడ."

డ్యూయీ మామ పెదనాన్న బేసు వెనకాలకి వెళ్లి నిలబడ్డాడు. అందరూ చూశారు. ఎవరికీ ఏమీ తట్టలేదు. ఓపల్‌కీ తట్టలేదు. ఆమె చూపంతా దీపాల పెట్టె మీదే ఉంది.

నాలుగు స్వరాలు ముందు గీసి, వాగులోకి దిగింది.

నిలబడి వాయించడం వేరు. కానీ బాబాయి ఫిడేలు గొంతు పెద్దది. అది మైదానం వాలంతా పాకి, అటు కొండకి తగిలి వెనక్కి వచ్చింది. వంకర దగ్గర ముందు వరసలో ఎవరో ముసలాయన "హే!" అని కేక వేశాడు. అది తెలిసినవాడి కేక. మూడో చుట్టు, నాలుగో చుట్టు. పిన్ని బాంజో ఆమె మోచేతి పక్కనే టకటకలాడుతోంది. ఆరో చుట్టు. ఏడో చుట్టులోకి వచ్చింది. మొదటి భాగం అయింది. పసుప్పచ్చ దీపం వెలిగింది. రెండో భాగం ఒకసారి అయింది.

ఓపల్ కాలెత్తింది. మోకాలిదాకా, తడబడకుండా.

పిన్ని చూసింది. పెదనాన్న చూశాడు. డ్యూయీ మామ కోసం ఓపల్ తల తిప్పింది. బేసు తప్ప ఏమీ కనబడలేదు. ఆ గోధుమరంగు చెక్క కడుపు వెనక, పైన ఒక టోపీ అంచు మాత్రం హాయిగా ఇటూ అటూ ఊగుతోంది. ఆయనకి ఈమె కాలు కనబడే దారే లేదు. ముగ్గురూ ఆగుతారు, గిటారు ఒక్కటే ఎనిమిదో చుట్టులోకి వెళ్లిపోతుంది. పోనీ ఇంకో చుట్టు తిరుగుదామంటే ఎర్రదీపం వెలుగుతుంది.

ఎనిమిది పది సెకన్లున్నాయి. మైకు వదిలితే జడ్జీలకి ఫిడేలు వినబడదు. అది కూడా ఆమెకి తెలుసు.

ఓపల్ మైకు వదిలింది. కమాను ఆపకుండానే మూడడుగులు వేసి, బేసుని చుట్టి, డ్యూయీ మామ ఎదురుగా నిలబడి, కాలు ఆయన గిటారుకి తగిలేంత ఎత్తు ఎత్తింది.

"అమ్మో!" అన్నాడు డ్యూయీ మామ.

ఆఖరి స్వరం మీద నలుగురూ ఒక్కసారి ఆగారు. తర్వాత ఒక్క తీగ కూడా మోగలేదు. దీపం ఇంకా పసుప్పచ్చగానే ఉంది.

వాలు మీద జనం అంతా చూశారు. ముందు నవ్వు వచ్చింది, నవ్వు మీదే చప్పట్లు వచ్చాయి. కొందరు కుర్చీల్లోంచి లేచి, ఒంటికాలు మీద నిలబడి రెండో కాలు ఎత్తి చూపించారు. ఓపల్ బేసు వెనక నిలబడి ఊపిరి పీల్చుకుంది. దాక్కోవాలంటే అది మంచి చోటే. అయినా ముందుకొచ్చి తలవంచి దండం పెట్టినట్టు ఫిడేలు కిందికి దించింది.

మెట్లు దిగుతూ డ్యూయీ మామ నుదురు తుడుచుకున్నాడు. "కొంచెం ముందు చెప్పకూడదూ? గుండె ఆగినంత పనైంది."

"చెప్పాను మామా. కాలితో."

పెదనాన్న నవ్వు ఆపుకోలేక బేసుని మెట్టు మీద ఆనించి నిలబడిపోయాడు.

కింద బాబాయి ఉన్నాడు. నవ్వలేదు. "చివర్లో ఫిడేలు పోయింది. గదిలో వాళ్లకి వినబడి ఉండదు."

"తెలుసు బాబాయ్."

"తెలిసే వదిలావా?"

"ఊఁ. గిటారు ఒక్కటే మిగిలిపోతే ఇంకా చెడ్డగా ఉండేది."

 "అంతే," అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటే.

బహుమతి రిబ్బన్లు పది బ్యాండ్లకి ఇచ్చారు. పదిలో సోర్‌వుడ్ వాగు పేరు లేదు. జడ్జీలు రాసిన చీటీ మాత్రం చేతికొచ్చింది. డ్యూయీ మామ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. "లయ బాగుంది. పాట అరుదైనది. చివరి భాగంలో ఫిడేలు ఎటో వెళ్లిపోయింది." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నిజమే రాశారు. నా దగ్గరికొచ్చింది."

ఆదివారం పొద్దున గుడారాలు విప్పుతున్నారు. మైదానమంతా మేకులు పీకుతున్న చప్పుడు. ఈసారి సమ్మెట పెదనాన్న చేతిలో ఉంది. డ్యూయీ మామకి తాళ్లు చుట్టే పని మాత్రమే ఇచ్చారు. మిగిలిన కాఫీ పారబొయ్యకుండా తాగేస్తూ పిన్ని, బాబాయి ట్రక్కు వెనక, కిందికి దించిన తలుపు మీద కూర్చున్నారు. ఓపల్ పళ్లేలు పెట్టెలో సర్దుతోంది.

"అక్టోబరు కల్లా నీ వేలు బాగవుతుంది," అంది పిన్ని.

"అవుతుంది."

"మరి వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు రెండు ఫిడేళ్లు," అన్నాడు బాబాయి. "వాగుకి రెండుంటే బాగుంటుంది. మా నాన్నా తాతా అలాగే వాయించేవాళ్లు."

"రెండు ఫిడేళ్లుంటే కాలెవరెత్తుతారు? ఇద్దరూ ఎత్తితే కింద పడతారు."

"అది అప్పుడు చూసుకుందాంలే."

ఓపల్ పెట్టె మూత వేసింది. కొక్కెం సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. తర్వాత నడుం నిటారుగా చేసి నిలబడింది.

"నేనెత్తుతాను," అంది.

ఈసారి మొదటి మాటకే అందరికీ వినబడింది. బాబాయి కాఫీ గ్లాసులోకి చూశాడు, పిన్ని వైపు చూశాడు, కట్టు కట్టిన వేలు వైపు చూశాడు.

"చూద్దాంలే అన్నానుగా," అన్నాడు.

"చూడక్కర్లేదు బాబాయ్. నేనే."

పెదనాన్న పీకిన మేకు బురద దులిపి బకెట్లో వేశాడు. బాబాయి మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు ఓపల్‌కి అందించబోయి, మనసు మార్చుకుని, తనే లేచి వెళ్లి కడుక్కున్నాడు.